గడ్డకట్టని ఎంజైము

నిన్న నేను చేసిన ఘనకార్యం సెప్తాను, టీ తాగుతా వినండి. నవ్వినవాళ్ల బిస్కెట్టు మాత్రం వెనక్కి తీసేసుకుంటాను.

కాలేజీ లేబ్‌లో అసిస్టెంటుగా చేరి మూడు వారాలైంది కదా. అక్కడ రీసెర్చ్ చేసే బెంగాలీ దీదీకి ఒక ఎంజైము వచ్చింది. బ్యాక్టీరియాలో వేరే జీన్ పెట్టి, దానిచేత తయారుచేయిస్తారట. డీఎన్‌ఏని కత్తిరిస్తాదట. చిటికెనవేలంత ట్యూబులో నాలుగు చుక్కలు, అంతే. వాటికోసం రెండు నెలలు ఎదురుచూసింది పాపం. కొత్త ఫ్రీజర్లో అదొక్కటే పెట్టి, "బౌదీ, మైనస్ ఇరవైలో ఉండాలి. పాడైతే నా పనంతా ఆగిపోతుంది," అంది. నన్ను బౌదీ అంటాది, వదిన అన్నట్టు.

నిన్న పొద్దున్న దీదీ రాకముందే తీసి చూసినాను. ట్యూబు వంచితే లోపల కదుల్తోంది. ఫ్రీజర్లో పెట్టింది గడ్డకట్టాలా వద్దా? ఈ ఉద్యోగం ఊడిందనుకున్నాను.

మా ఆయన రైల్వే వర్క్‌షాపులో ఏసీ బోగీల ఫిట్టర్. నిన్న రెస్టు. ఫోన్ చేస్తే పానాల సంచీతో సైకిలెక్కి వచ్చేసినాడు.

"మీటర్లో మైనస్ ఇరవై అనే ఉందండీ," అన్నాను.

"మీటరుని నమ్మితే బోగీలో జనం ఉడికిపోతారు. ఇంకేటి సూడాల? గేస్ లీకు."

ట్యూబుని నా టిఫిన్ డబ్బాలో ఐసు మధ్య పెట్టినాను. గేటు దగ్గర చేపలమ్మే దాదా, అదే బెంగాలీ అన్న, ఇచ్చిన ఐసు. ఈలోగా మా ఆయన వెనక రేకు విప్పి, ఏదో గొట్టానికి పానా పెట్టి తిప్పినాడు. స్‌స్‌స్ మని శబ్దం.

"సూసినావా? లీకని సెప్పలేదూ," అన్నాడు గర్వంగా.

సరిగ్గా అప్పుడే దీదీ వచ్చింది. "గడ్డకట్టలేదు దీదీ, పాడైపోయింది," అన్నాను. ఏడుపొచ్చేసింది.

దీదీ ఫ్రీజర్ని చూసింది, మా ఆయన్ని చూసింది, డబ్బా చూసింది. "బౌదీ, అది గడ్డకట్టదు. కట్టకూడదనే అందులో సగం గ్లిజరిన్ పోస్తారు."

మా ఆయన తిప్పిన గొట్టంలోంచి బాగున్న ఫ్రీజర్ గేసంతా పోయింది కదా, ట్యూబు పక్క లేబ్ ఫ్రీజర్లోకి వెళ్లింది. సాయంత్రం పరీక్ష చేస్తే ఎంజైము డీఎన్‌ఏని శుభ్రంగా కోసింది. హమ్మయ్య అనుకున్నాను. అప్పుడు దీదీ నవ్వాపుకుంటూ ఫ్రీజర్ రిపేరు ఫారం ఇచ్చి నింపమంది.

అందులో 'లోపం ఎక్కడుంది' అని ఒక గడి. చాలాసేపు ఆలోచించి, ఉన్నమాటే రాసినాను: "అసిస్టెంటులో. కొంత ఆమె భర్తలో."