సార్ కవి గురించి మూర్తిగారు చెప్పిన రోజు

2022లో నేను నాచారంలో ఒక చిన్న క్లినిక్‌లో స్పీచ్ థెరపిస్టుగా పనిచేసేదాన్ని. ఉప్పల్ నుంచి నర్సింహ సార్‌ను ఆయన భార్య సుగుణమ్మ తీసుకొచ్చేవారు. ఆయన రిటైరైన ఇంగ్లీషు లెక్చరర్. పక్షవాతం వచ్చాక ఎఫేసియా మిగిలింది. అంటే, మనసులో విషయం ఉంటుంది, దానికి మాట దొరకదు.

నేను నీళ్లు, అన్నం, చెప్పులు వంటి వాటి బొమ్మలు చూపించి పేర్లు చెప్పమనేదాన్ని. సార్ విసుగ్గా కిటికీ వైపు తిరిగేవారు. నెలలు గడిచినా "ఆఁ, ఊఁ" దాటలేదు.

ఒకరోజు సుగుణమ్మ దిగులుగా వచ్చారు. "ఏఎస్ రావు నగర్ల సాహిత్యం మీటింగ్ ఉందంట మేడం. ఈయన ఏటేటా జెప్పే రోము కవి గురించి ఈసారి మూర్తి సార్ జెప్తడంట."

మూర్తిగారు సార్‌తో కలిసి పనిచేసిన స్నేహితుడు. ఆ పేరు వినగానే సార్ మొహం కందిపోయింది. ఎడమచేత్తో బల్ల మీద కొట్టారు.

"నా... నా కవి!"

మర్నాటి నుంచి బొమ్మలు పక్కనపెట్టి, ఆ కవి కథతోనే సాధన చేయించాను. సుగుణమ్మకు కథంతా కంఠతా వచ్చు. చక్రవర్తి కోపగించి ఆ కవిని రాజ్యం చివర, సముద్రపు ఒడ్డుకు వెళ్లగొట్టాడు. అక్కడ ఆయన భాష మాట్లాడేవాళ్లు లేరు. తన మాటలు తానే మరిచిపోతున్నానని ఆయన వాపోయాడట. అది చెప్పినప్పుడల్లా సార్ తలొంచుకునేవారు.

మొదటి అక్షరం నేను అందిస్తే మిగతా మాట ఆయన పట్టుకోవాలి. దీన్ని క్యూయింగ్ అంటాం.

"స..."

"సముద్రం."

అలసిపోతే సుగుణమ్మ, "మూర్తి సార్ గూడ మస్తు తయారైతుండంట" అనేవారు. సార్ మళ్లీ నిటారుగా కూర్చునేవారు.

మీటింగ్‌కు నేనూ వెళ్లాను. మూర్తిగారు ఎంతో చక్కగా మాట్లాడారు. జనం నవ్విన ప్రతిసారీ సార్ దవడ బిగుసుకుంది.

"క్షమాపణ దొరక్కుండానే అక్కడే కన్నుమూశాడండీ. పాపం, అంతటితో ఆయన కథ అయిపోయింది" అన్నారు మూర్తిగారు.

"అయిపోలే!"

సార్ కర్ర ఊతంగా లేచి నిలబడ్డారు. "రాజు... పోయిండు. కవిని... సదువుతున్నరు. ఇంకా!"

మూర్తిగారు వేదిక దిగొచ్చి మైకు ఆయన నోటి దగ్గర పట్టుకున్నారు. "మళ్లీ చెప్పు నర్సింహా. వెనకవాళ్లకి వినపడలేదు."

సార్ మళ్లీ చెప్పారు. చప్పట్లు మోగాయి.

తిరుగు దారిలో మేం ముగ్గురం ఎక్కిన ఆటో మల్లాపూర్ దాటింది. సార్ పళ్లు కొరుకుతూ, "వాడు నాకన్న మంచిగ జెప్పిండు" అన్నారు.

ఆయన నోట ఎక్కడా ఆగకుండా ఒక పూర్తి వాక్యం వినడం నాకు అదే మొదలు. సుగుణమ్మ కొంగు అడ్డం పెట్టుకుని నవ్వుతూనే ఏడ్చారు.

ఇప్పుడు కొత్త పేషెంటు వస్తే, ఆ మనిషికి రోజూ ఏ మాటలు అవసరమని మాత్రమే అడగను. ఏ మాట ఇంకొకరి నోట వింటే ఓర్చుకోలేరో కూడా అడుగుతాను. సాధన అక్కడి నుంచే మొదలుపెడతాను.