మూడు వందల పన్నెండు: ఇతర వివరాలు

ఆవిడను ఆఫీసులో అందరూ కందిరీగ అంటారు. ముఖం మీద కాదులెండి, వెనకాల. ముఖం మీద అనగలిగిన మొనగాడు ఇంకా ఆ ఆఫీసులో ఉద్యోగానికి చేరలేదు. తనకు ఆ పేరుందని ఆవిడకూ తెలుసు, తెలిసి లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా. మనిషి ఐదడుగులు కూడా ఉండదు. కళ్ళజోడు తాడు కట్టి మెళ్ళో వేలాడుతుంటుంది. నడక మాత్రం ఎవరినో కొట్టడానికి బయల్దేరినట్టే ఉంటుంది.

బడి చదువు ముగించిన పిల్లలు తర్వాత ఏం చదవాలి, ఎక్కడ చదవాలి, ఏ చదువుకు ఏ ఉద్యోగం వస్తుంది అని చూసుకోవడానికి కంప్యూటర్లో ఒక సమాచార వ్యవస్థ ఉంది. అందులో నాలుగు వందల పైచిలుకు కాలేజీలు. ఏడాదికోసారి ఒక నెల పాటు వాటన్నిటి వివరాలనూ కొత్తగా సరిచూసి ఎక్కించాలి. సీట్లెన్ని, గుర్తింపు ఉందా ఊడిందా, హాస్టల్లో గదికి ఎంతమంది, లేబొరేటరీ ఉందా లేక తలుపు మీద బోర్డు మాత్రమే ఉందా, ఇవన్నీ. మిగతావాళ్ళు ఫోన్లో అడిగి రాసుకుంటారు. కందిరీగ ఫోన్లో అడుగుతుంది, అనుమానం వస్తే బస్సెక్కి వెళ్ళి కళ్ళతో చూసొస్తుంది. ఆవిడకు అనుమానం రాని కాలేజీ ఒకటుందని నేనైతే వినలేదు.

ఆ పట్టుదల ఊరికే రాలేదు. పదిహేడేళ్ళప్పుడు ఎవరో పంచిన రంగుల కాగితం నమ్మి ఒక కాలేజీలో చేరింది. మూడో నెలకల్లా కాలేజీకి తాళం పడింది. అసలు గుర్తింపే లేదట. ఆ కబురు ఇంటికి మోసుకొచ్చిన రోజు తండ్రి బెల్టు తీశాడు. "కనుక్కుని చేరాలని తెలీదటే నీకు?" అంటూ ఇత్తడి బిళ్ళ ఉన్న వైపుతోనే బాదాడు. భుజం మీద చీరుకుపోయి నాలుగు కుట్లు పడ్డాయి. ఎవర్ని కనుక్కోవాలి నాన్నా, ఎక్కడ కనుక్కోవాలి అని అడుగుదామంటే ఆ రోజు నోరు పెగల్లేదు. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ చేస్తున్న ఉద్యోగం ఆ ప్రశ్నకు జవాబే.

ఆఫీసులో ఒక కట్టుబాటుంది. ఒకప్పుడు కాలేజీల వాళ్ళు వచ్చి, గుమస్తాలను బుజ్జగించో బెదిరించో వివరాలు మార్పించుకుని పోయేవారు. ఆ బాధ పడలేక పెద్దసారు కొత్త పద్ధతి పెట్టించాడు. ఏ కాలేజీ వివరాలు ఎవరు ఎక్కిస్తే వాళ్ళ కుడి బొటనవేలి ముద్ర పడితేనే అవి తెరుచుకోవాలి. మార్చాక ఇంకోసారి ముద్ర పడితేనే ఆ మార్పు నిలవాలి. నెలాఖరు రోజు సాయంత్రం ఐదు కొట్టగానే మొత్తానికి తాళం పడుతుంది. ఇక ఏడాది దాకా పెద్దసారు తలకిందులుగా తపస్సు చేసినా అక్షరం కదలదు.

ఈ ఏడు నెలాఖరుకు మూడు రోజుల ముందు కందిరీగ మూడు వందల పన్నెండో కాలేజీకి వెళ్ళింది. అది ఆడపిల్లల నర్సింగ్ కాలేజీ. నూటికి నూరు మందీ పాసవుతారని పేరు. హాస్టల్లో గదికి నలుగురని ఫోన్లో చెప్పారు. చూద్దామని చెప్పాపెట్టకుండా వెనక గేటులోంచి దూరింది. మెట్ల కింద వార్డెన్ ఒక పిల్ల జడను చేతికి చుట్టుకుని, ఇస్త్రీపెట్టె వైరు మడిచి కొడుతోంది. పిల్ల రెండు చేతులూ ముఖానికి అడ్డం పెట్టుకుంది. వైరు ప్లగ్గు తగిలినచోటల్లా చర్మం చిట్లుతోంది. చుట్టూ ముప్పై మంది పిల్లలు వరసగా నిలబడి చూస్తున్నారు. చూడమని నిలబెట్టారన్నమాట.

"ఏయ్! చంపేస్తావా దాన్ని!" అంటూ కందిరీగ వెళ్ళి వార్డెన్ చెయ్యి పట్టుకుంది. మరుక్షణం అదే వైరు ఆవిడ మెడ మీద పడింది. వాచ్‌మన్ వచ్చి రెక్క పట్టుకుని ఈడ్చుకెళ్ళి గేటు బయట పడేశాడు. మోకాళ్ళు దోక్కుపోయాయి. గేటు మీద రాయితో ఎంత బాదినా ఎవరూ తీయలేదు. అట్నుంచటే పోలీస్ స్టేషనుకు వెళితే, పిల్ల తరఫు వాళ్ళొచ్చి రాసిస్తే చూస్తామన్నారు. పిల్ల పేరేమిటన్నారు. పేరు ఆవిడకు తెలియదు.

ఆఫీసుకొచ్చి కూర్చుంది. సీట్లకు గడి ఉంది, బస్సుకు గడి ఉంది, గ్రంథాలయంలో పుస్తకాలకు గడి ఉంది. దెబ్బలకు లేదు. అన్నిటికన్నా అడుగున 'ఇతర వివరాలు' అని ఒక గడి ఉంటుంది. ఇన్నేళ్ళలో దాన్ని ఎవరూ నింపలేదు, పెద్దసారు ఎన్నడూ చదవలేదు. అందులో టైపు చేసింది: 'ఈ కాలేజీ హాస్టల్లో వార్డెన్ విద్యార్థినులను ఇస్త్రీపెట్టె వైరుతో కొడుతుంది. స్వయంగా చూశాను.' తేదీ వేసింది. వేలిముద్ర వేసింది. ఐదు నిమిషాల పని.

తాళానికి ముందు ప్రతి కాలేజీకీ దాని వివరాలు ఒకసారి చూపించడం ఆనవాయితీ. నెలాఖరు రోజు సాయంత్రం నాలుగుంపావుకు ఆ కాలేజీ ఛైర్మన్ దిగాడు. తెల్లటి బట్టలు, చేతిలో వక్కపొడి డబ్బా, వెనకాల దున్నపోతుల్లాంటి ఇద్దరు. మిగతా గుమస్తాలు తమ పని ముగించుకుని అప్పటికే వెళ్ళిపోయారు. పెద్దసారు లేచి నిలబడ్డాడు.

"అక్కయ్యా," అన్నాడు ఛైర్మన్ కందిరీగ ముందు కుర్చీ లాక్కుని. "ఒక్క లైను. తీసెయ్. నీ దోవ నీది, నా దోవ నాది."

"ఆ వార్డెన్ని తీసెయ్. వచ్చే ఏడు చూసి లైను తీసేస్తాను."

"పిల్లలన్నాక భయం ఉండొద్దా? నీ పిల్లల్ని నువ్వు కొట్టలేదా?"

"వైరుతోనా? ఏదీ, ఒకసారి నీ చెయ్యి చాపు, నేను కొడతాను. బాగుందో లేదో నువ్వే చెప్పు."

ఛైర్మన్ నవ్వాడు. నవ్వుతూనే చాచి లెంపకాయ కొట్టాడు. కళ్ళజోడు ఎగిరి ఫైళ్ళ కింద పడింది. కందిరీగకు కళ్ళు బైర్లు కమ్మాయి, పెదవి చిట్లి నోట్లో ఉప్పగా నెత్తురు తగిలింది. పక్క సీటు అమ్మాయి కెవ్వుమంది. ఇద్దరిలో ఒకడు ఆ పిల్లను జుట్టు పట్టి రికార్డుల గదిలోకి తోసి గడియపెట్టాడు. రెండోవాడు ఉత్సాహం ఆపుకోలేక కుర్చీ ఎత్తి కంప్యూటర్ మీద వెయ్యబోయాడు. ఛైర్మన్ వాడి వీపు మీద ఒక్కటి చరిచాడు.

"అది పగిలితే లైనెలా తీస్తావురా, ఎద్దూ!"

పెద్దసారు గోడకు అతుక్కుపోయాడు. "అమ్మా, తీసెయ్యమ్మా. చంపేస్తారమ్మా," అని గొణిగాడు. పద్ధతి పెట్టిన మహానుభావుడు! కందిరీగ ఆయన వైపు ఒక్క చూపు చూసింది. ఆయన బూట్లకేసి చూసుకున్నాడు.

ఇద్దరూ కలిసి ఆవిడను కుర్చీలోంచి లేపి వేలిముద్ర యంత్రం దగ్గరికి ఈడ్చారు. ఒకడి మణికట్టు నోటికందితే కొరికేసింది. కండ ఊడొచ్చేదాకా వదల్లేదు. వాడు గావుకేక పెట్టి ఆవిడ తలను బల్లకేసి కొట్టాడు. రెండోవాడు పిడికిలి విప్పదీసి బొటనవేలిని గాజు మీద అదిమాడు. ఎర్ర దీపం. వేలికి నెత్తురంటింది. ఛైర్మన్ జేబురుమాలు తీసి, చంటిపిల్లకు ముక్కు తుడిచినంత శ్రద్ధగా ఆ వేలు తుడిచాడు. మళ్ళీ అదిమారు. పచ్చ దీపం వెలిగింది. మూడు వందల పన్నెండు తెరుచుకుంది.

ఛైర్మన్ వంగి ఒక్కొక్క అక్షరమే చెరిపాడు. గడి ఖాళీ అయింది. ఇక రెండో ముద్ర ఒక్కటే మిగిలింది. అది పడిందా, రేపటి నుంచి పిల్లలు ఈ పేజీ చూసి, నూటికి నూరు అని చదివి, పెట్టెలు సర్దుకుని ఆ మెట్ల కిందికి నడిచి వెళ్ళిపోతారు. గోడ గడియారంలో ఐదుకు ఇంకా పద్నాలుగు నిమిషాలుంది.

రెండుసార్లు అదిమారు. రెండుసార్లూ ఎర్ర దీపమే. చెమట, నెత్తురు, వణుకు. ఛైర్మన్ ఆవిడ పొత్తికడుపులో గుద్దాడు. ఊపిరి ఆడక నేల మీద ముడుచుకుంది. అప్పుడు తట్టింది ఆవిడకు.

"ఆగండి," అంది రొప్పుతూ. "మీరు నొక్కితే పడదు. వదలండి, నేనే వేస్తాను. అద్దం తుడిచే గుడ్డ బీరువాలో ఉంది."

"అదీ మాట! ఇందాకే అనుంటే నీకూ నాకూ ఈ శ్రమ తప్పేది కదా అక్కయ్యా," అన్నాడు ఛైర్మన్.

గోడ పట్టుకుని లేచింది. నాలుగడుగుల్లో ఇనప బీరువా. తలుపు తెరిచింది. ఎడమ చేత్తో తలుపు పట్టుకుని, కుడి బొటనవేలిని తలుపుకూ చట్రానికీ మధ్య, కీలు పక్కన, మొదటి కణుపు దాకా పెట్టింది. భయం వెయ్యలేదా అంటే వేసింది. ఒంట్లో ఉన్న బలమంతా తెచ్చుకుని తలుపును ఈడ్చి మూసింది.

ఎముక విరిగిన చప్పుడు గోడ దగ్గరున్న పెద్దసారుకు కూడా వినబడింది. కేక రాలేదు ఆవిడకు, గొంతులో ఏదో గురగురమంది. తలుపు తెరిచేసరికి గోరు తలుపుకే ఉండిపోయింది. వేలి కొస నలిగిన గుడ్డపేలికలా వేలాడుతోంది.

"ఇదిగో," అని చెయ్యి చాపింది ఛైర్మన్ ముందు. "వేసుకోండి ముద్ర."

తెల్ల బట్టల మీద నెత్తురు చిందింది. వాడు నిజంగానే ఆ చెయ్యి లాక్కుని నలిగిన వేలిని గాజు మీద పెట్టి రుద్దాడు. అప్పుడరిచింది కందిరీగ, కింద వీధిలో జనం తలెత్తి చూసేలా. ఎర్ర దీపం. ఎర్ర దీపం. ఎర్ర దీపం. ఐదు కొట్టింది. తెర ఒకసారి మినుకుమంది. ముద్ర పడని మార్పు నిలవదు కనుక, చెరిపిన అక్షరాలన్నీ గడిలోకి తిరిగొచ్చి కూర్చున్నాయి. పైన తాళం బొమ్మ పడింది. ఛైర్మన్ ఆవిడ డొక్కలో రెండు తన్నులు తన్ని, మెట్ల మీద జనం చప్పుడు విని వెనక దారిన పోయాడు.

వేలు మొదటి కణుపు దాకా తీసెయ్యాల్సి వచ్చింది. రెండు పక్కటెముకలు చిట్లాయి. బస్సుల మెకానిక్కైన మొగుడు ఆస్పత్రి మంచం పక్కన గ్రీజు చేతులతోనే కూర్చుని, "నా వర్క్‌షాపులో ఇంతమందికి ఇన్నేళ్ళలో ఒక్క వేలు పోలేదే. కాగితాల ఉద్యోగంలో వేలు పోగొట్టుకున్నావు, ఏం మనిషివే!" అని ఎగతాళి చెయ్యబోయి, మధ్యలో భోరుమన్నాడు. ఛైర్మన్ని పట్టుకెళ్ళారు, నాలుగో రోజు బెయిలు మీద వదిలారు. పక్క సీటు అమ్మాయి మాత్రం ఆఫీసులో కనబడ్డవాళ్ళందరికీ ఆ కథ చెప్పింది. చెప్పినప్పుడల్లా కందిరీగ ఇంకాస్త ఎత్తు పెరిగింది. విని ఆవిడ వద్దనలేదు. గర్వంగానే ఉండింది. ఎందుకుండదు?

పన్నెండో రోజు చేతికి కట్టుతోనే విచారణ కిటికీ దగ్గర కూర్చుంది. ఒకావిడ చిన్న కూతుర్ని వెంటబెట్టుకుని వచ్చింది. బట్టలు కుట్టుకుని బతుకుతుందట, మెళ్ళో కొలతల టేపు ఇంకా వేలాడుతూనే ఉంది. చిన్నది తెర మీద మూడు వందల పన్నెండో కాలేజీ వివరాలు చదివి వినిపిస్తోంది. సీట్లు, బస్సు, గ్రంథాలయం. అడుగుకొచ్చేసరికి ఆగిపోయింది.

"చదువు," అంది తల్లి.

పిల్ల నెమ్మదిగా చదివింది. తల్లి కిటికీలోకి వంగింది.

"ఇది ఎవరు రాశారండీ?"

"నేనేనమ్మా," అంది కందిరీగ. కట్టున్న చెయ్యి తనకు తెలియకుండానే కాస్త పైకి లేచింది.

"మీరు చూశారా? కళ్ళతో?"

"చూశాను."

"మా పెద్దమ్మాయి అక్కడే చదువుతోంది. రెండో ఏడు. సెలవులకొస్తే ఒంటి నిండా మచ్చలు. మెట్ల మీంచి పడ్డానంటుంది, ప్రతిసారీ మెట్లే అంటుంది. మీరు చూసిన పిల్ల ఎలా ఉంటుంది? చెవి పక్కన పుట్టుమచ్చ ఉందా?"

"ముఖం చూళ్ళేదమ్మా. చేతులు అడ్డం పెట్టుకుంది."

"ఎప్పుడు ఇది?"

కందిరీగ తేదీ చెప్పింది. తల్లి వేళ్ళ మీద లెక్కపెట్టింది. "పదిహేను రోజులు," అంది. తలెత్తి కందిరీగ కళ్ళలోకి చూసింది. అరవలేదు, తిట్టలేదు. అర్థం కాని విషయం అడిగినట్టు అడిగింది.

"పిల్లని అక్కడే వదిలేసి, ఇక్కడికొచ్చి ఇది రాశారా?"

ఎవరికైనా తడుముకోకుండా సమాధానం చెప్పగల నోరు కందిరీగది. గేటు దగ్గర రాయితో బాదిన సంగతి ఉంది, స్టేషను సంగతి ఉంది, ఈ వేలు సంగతి ఉంది. తల్లి అప్పటికే చిన్నదాని చెయ్యి పట్టుకుని, బస్టాండు ఎటో వాచ్‌మన్‌ని అడుగుతోంది. కందిరీగ కిటికీ మూసి, మెట్లు దిగి వాళ్ళ వెనక పరిగెత్తింది.