గ్లాసులో చిటికెడు సోడా

మంగళవారం తిన్న గోంగూర గురువారం సాయంత్రం మా ఆవిడ నాంచారు వాంతిలో కనబడింది. నాకు మొదటిసారి భయం వేసింది ఆ రోజే.

అంతకుముందే భయపడాల్సింది. నాంచారుకి కడుపులో మంట ఏళ్ళ తరబడి ఉంది. చాట్రాయి దగ్గర మాకు నాలుగెకరాల మామిడి తోట. కోతల రోజుల్లో కూలీలందరికీ అన్నాలు పెట్టి, తను మధ్యాహ్నం మూడు దాటాక తినేది. మంటగా ఉందంటే గ్లాసుడు నీళ్ళలో చిటికెడు వంటసోడా కలిపి నేనే ఇచ్చేవాణ్ణి. బుస్సుమని పొంగేది. గటగటా తాగి, గట్టిగా ఒక తేన్పు తేన్చి, "అమ్మయ్య, ప్రాణం లేచొచ్చిందండీ" అనేది. పెళ్ళాం అంతలా మెచ్చుకుంటే ఏ మొగుడు మానతాడు చెప్పండి. అడిగింది తనే అయినా కలిపింది మాత్రం నేను.

ఆ ఏడు పూత సమయంలో వాంతులు పట్టుకున్నాయి. తిన్నది తిన్నట్టే సాయంత్రానికి బయటికొచ్చేది. వాంతి అయ్యాక కాసేపు హాయిగా ఉండేది, మళ్ళీ మంట, మళ్ళీ సోడా. జాకెట్లన్నీ వదులైపోయాయి. గోంగూర చూసిన మర్నాడు పొద్దున్నే బిందె ఎత్తబోయి ఆగిపోయింది. రెండు చేతుల వేళ్ళూ కొంకర్లు పోయి ముడుచుకున్నాయి.

"ఏవండీ, నా చెయ్యి నా మాట వినట్లేదు" అంది నవ్వుతూ. నాకు మాత్రం నవ్వు రాలేదు.

మా అమ్మాయిని జి.కొండూరులో మా అత్తగారింట్లో వదిలి, బెజవాడలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. బేరియం అనే తెల్లటి మందు తాగించి ఎక్స్‌రే తీశారు. డాక్టరుగారు దాన్ని వెలుతురుకి పెట్టి చూపించారు. "అల్సర్ చాలాసార్లు వచ్చి మానిందండి. ఆ మచ్చ బిగుసుకుపోయి కడుపులోంచి పేగులోకి వెళ్ళే దారి మూసుకుపోతోంది. ఆపరేషన్ చేసి కొత్త దారి పెట్టాలి. ఇవాళ మాత్రం చెయ్యను" అన్నారు.

ఎందుకని అడిగాను.

"రక్తం బాలేదు. ఆల్కలోసిస్ అంటాం, అంటే ఆల్కలి, క్షారం ఎక్కువైంది. వాంతుల్లో యాసిడ్ పోయింది, పొటాషియం తగ్గిపోయింది. ఈ స్థితిలో మత్తిస్తే గుండె ఆగిపోవచ్చు. ముందు రక్తం సర్దుకోవాలి."

"యాసిడ్ పోతే మంచిదే కదండీ, మంట తగ్గుద్ది" అన్నాను.

ఆయన కోప్పడలేదు. "కూరలో ఉప్పు ఎక్కువైనా తినలేం, తక్కువైనా తినలేం. ఇదీ అంతే" అన్నారు. తర్వాత "మందులేమైనా వాడుతున్నారా?" అని అడిగారు. లేదండీ అన్నాను. నేను అబద్ధం ఆడలేదు. సోడా మందని నాకు తోస్తే కదా. మా ఇంట్లో అది బజ్జీల కోసం శనగపిండి పక్కన ఉండే డబ్బా.

కడుపులో నిలిచిపోయిన నీరు లాగడానికి ముక్కులోంచి రైల్స్ ట్యూబ్ వేశారు. చేతికి సెలైన్, అందులో పొటాషియం. సరోజిని అని ఆ వార్డు సిస్టర్ ఉండేవారు. గడియారం చూస్తూ చుక్కలు లెక్కపెట్టేవారు. "పొటాషియం తొందరగా ఎక్కితే ప్రాణం మీదకొస్తుంది. సెలైన్ గొట్టానికున్న ఈ చక్రం మీద మీ చెయ్యి పడకూడదు" అని నాకు గట్టిగా చెప్పారు. నోటికి మాత్రం పెదాలు తడుపుకోడానికి రెండు గుక్కల నీళ్ళు ఇవ్వచ్చన్నారు.

మూడు రోజులు గడిచాయి. సీసాల మీద సీసాలు ఎక్కిస్తున్నారు. "ఇంత సెలైన్ పోయినా రక్తంలో ఆల్కలి, ఈ బైకార్బొనేట్, దిగట్లేదేంటి?" అని డాక్టరుగారు కాగితం అటూ ఇటూ తిప్పారు. నాంచారు ఊపిరి మెల్లగా, పైపైన ఆడుతోంది. ఎప్పుడూ మగతే. నాలుగో రోజు పొద్దున నన్ను చూసి "అన్నయ్యా, ఎప్పుడొచ్చావు?" అంది. పన్నెండేళ్ళు కాపురం చేసిన మనిషి నన్ను పోల్చుకోలేదు.

కాసేపటికి సిస్టర్ వచ్చి ట్యూబ్‌లోంచి సిరంజితో కడుపులో నీరు లాగారు. ఒక చుక్క చిన్న నీలం కాయితం మీద వేశారు. అది నీలంగానే ఉండిపోయింది. ఇంకో కాయితం తీసి మళ్ళీ వేశారు. రంగు మారలేదు.

"కడుపులో నీటికి యాసిడ్ ఉంటుంది, పడితే ఇది ఎర్రబడాలండి" అన్నారు నావైపు తిరిగి. "ఈవిడకి ఏం పట్టారు?"

"నీళ్ళేనండి."

"ఒట్టి నీళ్ళా?"

సంచిలోంచి సోడా పొట్లం తీసి చూపించాను. మంట అని తను రొమ్ము మీద చెయ్యి పెట్టినప్పుడల్లా ఆ రెండు గుక్కల్లోనూ చిటికెడు కలిపి పడుతున్నాను. ఇంటి నుంచి తెచ్చుకున్న పొట్లం సగమైంది.

"డాక్టరుగారు అడిగితే ఎందుకు చెప్పలేదు?"

"మందులేనండీ అడిగింది."

సిస్టర్ స్టూలు లాక్కుని కూర్చున్నారు. "ఒంట్లో ఆల్కలి ఎక్కువై ఆవిడ ఇలా అయిపోతుంటే, మీరు పోసేదీ ఆల్కలేనండీ. ట్యూబ్‌తో లాగేసినా కొంతైనా పేగులోకి జారుతుంది కదా. మేం దించుతుంటే మీరు ఎక్కిస్తున్నారు" అన్నారు.

వరండాలోకి వెళ్ళి ఏడ్చాను. పరాయివాళ్ళు చూస్తున్నారని కూడా అనిపించలేదు. ప్రేమగా కలిపిందే నా పెళ్ళాం ప్రాణం మీదకి తెచ్చింది. సిస్టర్ నన్ను ఓదార్చలేదు. ఒక కాయితం, పెన్సిలు చేతిలో పెట్టి, "ఏడుపు తర్వాత. ఎంత లోపలికి వెళ్ళింది, ఎంత బయటికి వచ్చింది, గంటగంటకీ రాయండి" అన్నారు. ఆ పని ఇచ్చి ఆవిడ నన్ను నిలబెట్టారు.

సోడా ఆపిన మూడో రోజుకి వేళ్ళు విచ్చుకున్నాయి. నాంచారు కళ్ళు తెరిచి "ఏవండీ, గడ్డం గీసుకోలేదేం?" అంది. ఏవండీ అన్న పిలుపు అంత తియ్యగా నాకెప్పుడూ వినబడలేదు.

రక్తం సర్దుకున్నాక ఆపరేషన్ అయింది. కొత్త దారి వాపు తగ్గి తెరుచుకోడానికి టైం పడుతుందని, పొట్ట పైనుంచి నేరుగా చిన్నపేగులోకి ఒక సన్నటి గొట్టం పెట్టారు. తిండంతా అందులోనే. పాలు, పంచదార, కోడిగుడ్డు, రాగిజావ. పల్చటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి, గోరువెచ్చగా ఉండాలి, మెల్లగా పొయ్యాలి, చివర నీళ్ళతో గొట్టం కడగాలి. ఒకసారి తొందరపడి పోశాను. ఆ పూటంతా విరేచనాలు. "కూలీలకి వడ్డించినట్టు పోశారా?" అని సిస్టర్ చీవాట్లు పెట్టారు. తర్వాత ఎప్పుడూ తొందరపడలేదు. నాంచారు మాత్రం గొట్టం వైపు చూస్తూ, "వంట ఎలా ఉందని మాత్రం అడక్కండి" అనేది.

గొట్టంతోనే ఇంటికి పంపారు. నోటికి చెంచాడు నీళ్ళు తప్ప వద్దు, రెండు వారాల తర్వాత రమ్మన్నారు. ఈలోగా తోటలో చిన్న రసాలు పండడం మొదలైంది. గడ్డిలో మగ్గేసిన కాయల వాసన ఇల్లంతా. నాంచారు నోరు తెరిచి అడగలేదు. అటువైపు తిరిగి పడుకునేది. గొట్టంలో నాలుగు చుక్కల మామిడి రసం పోద్దామా అని చెయ్యి లేచింది. సోడా గుర్తొచ్చి ఆగింది.

చెప్పిన రోజున బెజవాడ వెళ్తూ ఒక సీసాలో రసం తీసుకెళ్ళాను. "పీచు లేకుండా మూడుసార్లు వడకట్టాను సిస్టర్, గొట్టంలో పోయొచ్చా?" అని అడిగాను. ఆవిడ డాక్టరుగారి వైపు చూశారు. ఆయన ఆ పొద్దున తీసిన ఎక్స్‌రే చూసి, "గొట్టంలో ఎందుకండీ? నోరుంది కదా" అన్నారు.

సిస్టర్ చెంచా తెచ్చారు. నాంచారు కళ్ళు మూసుకుని చప్పరించింది. మేం ముగ్గురం తన మొహమే చూస్తున్నాం.

"పుల్లగా ఉందండీ. ఇంకో రెండు రోజులు మగ్గాల్సింది" అంది.

డాక్టరుగారు పెద్దగా నవ్వారు. నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు.

అప్పటి నుంచి మూడు కోతలయ్యాయి. ఇప్పుడు కొంచెం కొంచెంగా, రోజుకి ఐదారుసార్లు తింటుంది. కూలీల కంటే ముందే తన కంచం పెట్టిస్తాను. సోడా డబ్బా ఇంకా శనగపిండి పక్కనే ఉంది, బజ్జీల కోసం.

చదివేవాళ్ళకి నేను చెప్పేది ఒక్కటే. మందులేమైనా వాడారా అని డాక్టరు అడిగితే, మందుల గురించి చెప్పి ఊరుకోకండి. వంటింట్లోంచి తీసి గ్లాసులో ఏం కలిపారో అదీ చెప్పండి.

ఇదంతా నాంచారుకి చదివి వినిపించాను. "తప్పంతా మీదే అన్నట్టు రాశారేంటండీ? మంట అని ఆసుపత్రిలో కూడా అడిగింది నేనేనని రాయండి" అంది.

రాశాను.