మూడో సిలిండర్ దగ్గు

ఆ వీధిలో అందరూ ఆమెను పానా అక్క అనేవారు. పెళ్లయిన మూడేళ్లకే మొగుడు మంచాన పడితే, అతని మెకానిక్ షెడ్డులో పానా అందుకుంది. ఇరవై ఆరేళ్లుగా పాత లారీల ఇంజన్లు బాగుచేస్తోంది. "ఆడదానికి ఇంజన్లేమిటి?" అని మూతి విరిచినవాళ్లే బండి మొరాయిస్తే ఆమె గుమ్మం తొక్కారు.

ఒకరోజు పొద్దున్నే, ఇటుకల లారీ తోలే ఆమె తమ్ముడు వచ్చి షెడ్డు గుమ్మంలో కూలబడ్డాడు.

"నన్ను మాన్పించారక్కా. ఇంజన్ దగ్గుతూ మిస్ కొడుతోందని బండిని పెద్ద వర్క్‌షాపుకి తీసుకెళ్లా. ఫోర్‌మన్ ఇంజన్ మూతైనా ఎత్తకుండా, 'వీడికి గేర్లు వెయ్యడం రాదు, ఇంజన్‌ని చంపేశాడు' అన్నాడు. అందరూ నవ్వారు. యజమాని నమ్మేశాడు."

"పందొమ్మిదేళ్లు తోలినవాడికి గేర్లు రావా! పోయిన నెల ఆ ఇంజన్ విప్పిందెవరు?"

"వాళ్లే."

ఆమెకు ఒళ్లు మండిపోయింది. నేరుగా యజమాని దగ్గరికి వెళ్లింది. "ఒక్కరోజు బండి నాకివ్వండి. మీరూ పక్కనే ఉండి చూడండి. తప్పు మావాడిదైతే నేనే ఒప్పుకుంటా."

ఆయన సరేనన్నాడు. ఇంజన్ చల్లగా ఉన్నంతసేపూ బుద్ధిగానే నడిచింది. వేడెక్కగానే దగ్గడం మొదలుపెట్టింది. ఆమె ఒక్కో సిలిండర్ ఇంజెక్టర్‌కి డీజిల్ తెచ్చే గొట్టం నట్టు వదులు చేస్తూ చెవి ఒగ్గింది. ఒకటోది, రెండోది వదులు చేస్తే ఇంజన్ మరింత తడబడింది. మూడోదానికి ఇసుమంత తేడా రాలేదు. అంటే ఆ సిలిండర్ అసలు పనే చెయ్యడం లేదు. దాని ఇంజెక్టర్‌ని ఒకటోదానితో మార్చి చూసింది. అయినా మూడో సిలిండరే మొండికేసింది. అంటే తప్పు ఇంజెక్టర్‌ది కాదు.

ఇంజన్ చల్లారేదాకా ఆగి వాల్వుల మూత విప్పింది. వాల్వుకీ, దాన్ని నొక్కే రాకర్‌కీ మధ్య వెంట్రుకవాసి సందుండాలి. కొలత రేకు అన్నిచోట్లా దూరింది కానీ మూడో సిలిండర్ పొగ వాల్వు దగ్గర దూరలేదు. వేడికి సాగిన వాల్వు పూర్తిగా మూసుకోక, సిలిండర్‌లోని ఒత్తిడంతా బయటికి పోతోంది.

రేకు యజమాని చేతికే ఇచ్చింది. "మీరే పెట్టి చూడండి. ఇది బిగించింది మావాడి గేరా, వాళ్ల పానాయా?"

ఆయన పెట్టి చూశాడు. రేకు దూరలేదు. సందు సరిచేసి స్టార్ట్ చేస్తే, ఎంత వేడెక్కినా ఇంజన్ ఒకే తీరున నడిచింది. ఆమె ఊరుకోలేదు. యజమానినీ తమ్ముణ్నీ లారీ ఎక్కించుకుని వర్క్‌షాపుకి పోనిచ్చింది.

"చిన్న పొరపాటమ్మా, దానికింత రాద్ధాంతమా? బండి బాగైందిగా!" అన్నాడు ఫోర్‌మన్, ఆమె చెప్పిందంతా విని.

"బండి బాగైంది. మరి మనిషో? పదిమంది ముందు పనికిరానివాడన్నారు. ఆ పదిమంది ముందే ఆ మాట తప్పనండి."

అతను మొహం తిప్పేసుకుని లోపలికి పోయాడు. "పోనీలే అక్కా, పద," అన్నాడు తమ్ముడు.

"నీ పోనీలేలతోనే వీళ్లు నెత్తికెక్కింది!"

అప్పుడు అక్కడ పనిచేసే ముసలి వెల్డర్ కళ్లజోడు తీసి, "పొరపాటు మాదే బాబూ. మా ఫోర్‌మనే ఫోన్లో మాట్లాడుతూ బిగించాడు. నా కళ్లతో చూశా," అన్నాడు.

యజమాని తాళాలు తమ్ముడి చేతిలో పెట్టి, "ఇంక నువ్వే తోలు," అన్నాడు. క్షమించమని మాత్రం ఎవరూ అనలేదు.

తమ్ముడు తేలికపడ్డాడు కానీ ఆమె కోపం చల్లారలేదు. దారంతా ఒకటే గొణుగుడు: "చూసిన పెద్దమనిషి ఆరోజే చెప్తే నోరు అరిగిపోయేదా?"