విరుదునగర్‌లో కొని కోవిల్‌పట్టి మోసుకెళ్ళిన గుడ్లు

కోవిల్‌పట్టి వెళ్ళాలన్న కోరిక నాకు రాజేశ్వరి మాటలు వినీ వినీ పుట్టింది. చెన్నైలో మా ఆఫీసులో నా పక్క సీటు ఆమెది. అందరితో తమిళం మాట్లాడుతుంది, వాళ్ళమ్మతో ఫోన్‌లో మాత్రం ఏ కాలందో అనిపించే పాత తెలుగులోకి దిగిపోతుంది. తెనాలిదాన్ని, ఆ తెలుగు చెవిన పడితే నాకు పని సాగేది కాదు. ఈ వేసవి మొదట్లో వాళ్ళక్క కూతురు కావ్య పెద్దమనిషి అయింది. "శుక్రవారం పిల్లకు నీళ్ళు పోస్తాము. నువ్వు ముందే పో అక్కా, మాయమ్మ చూసుకుంటది. నేను గురువారం వస్తా" అంది రాజేశ్వరి. అలా సోమవారం పొద్దున ఆరున్నరకి ఒక్కదాన్నే విరుదునగర్ స్టేషన్లో దిగాను. మీరూ ఆ దారిన వెళ్ళాలనుకుంటే తప్పకుండా వెళ్ళండి. నేను చేసిన పని మాత్రం చేయకండి.

ఆ వైపు తెలుగు ఇళ్ళలో ఒక ఆచారం ఉంది. పెద్దమనిషి అయిన పిల్లకు కొన్నాళ్ళపాటు రోజూ పరగడుపున నాటుకోడి గుడ్డు పచ్చిగానే తాగిస్తారు. ఆ వెంటనే ఖాళీ పెంకు నిండా నువ్వులనూనె పోసి అదీ తాగిస్తారు. నడుముకు బలమట. చూడవచ్చే చుట్టాలు గుడ్లు, నూనె, మినప్పిండి పట్టుకెళ్తారు. రాజేశ్వరి నాకు ముందే చెప్పింది, "గుడ్లు నువ్వేమీ తేవద్దు, మా ఇంట్లో కోళ్ళుండాయి" అని. నేను వింటానా! వట్టి చేతులతో వెళ్తే ఏం బాగుంటుంది అనుకుని, బజారులో ఒక బుట్ట ముందు ఆగి రెండు డజన్లు కొన్నాను. ఎప్పటివని అడిగితే అమ్మేవాడు "ఫ్రెష్షే అమ్మా" అన్నాడు. నాకు అంతే చాలింది.

విరుదునగర్ వెళ్ళి నూనె పరోటా తినకుండా ఎవరూ రారు. పదకొండున్నరకల్లా బస్టాండు దగ్గరి ఓ చిన్న హోటల్లో కూర్చున్నాను. అక్కడ పరోటాని పెనం మీద కాల్చి వదలరు, నూనెలో కరకరలాడేట్టు వేయిస్తారు. చిదిమి, సాల్నా అనే పలుచటి కారం పులుసు పోసుకుని రెండు నిమిషాలు ఆగి తినాలి. రెండు పరోటాలు, సాల్నా కలిపి వంద రూపాయల లోపే. తిన్నాక సంచి తెరిచి చూస్తే గుడ్ల మీద రెట్టలు, గడ్డిపోచలు. ఇలా తీసుకెళ్ళి ఒకరింట్లో పెడితే నా పరువేం కాను? చేతులు కడుక్కునే కుళాయి కింద ఒక్కొక్కటే శుభ్రంగా తోమి, తడితడిగానే కొత్త స్టీలు డబ్బాలో సర్ది మూత బిగించాను. పరోటా మాస్టారు చూస్తూనే ఉన్నాడు.

"వండేముందు కడుక్కోవాలి గానీ, ఇప్పుడెందుకమ్మా?" అన్నాడు తమిళంలో.

"బహుమతికి" అన్నాను గొప్పగా.

ఒంటిగంటకి కోవిల్‌పట్టి బస్సు. సాత్తూరు మీదుగా గంట పైచిలుకు ప్రయాణం, టికెట్టు అరవై రూపాయల లోపు. ముందు సీటు దొరికిందని సంబరపడి డబ్బా సంచిని ఇంజను మూత మీద పెట్టాను. దాంట్లో ఏముందని డ్రైవరు అడిగాడు. గుడ్లన్నాను. "అక్కడే ఉంచండి, కోవిల్‌పట్టి చేరేలోపు పిల్లలు బయటికొస్తాయి" అన్నాడు. బస్సంతా నవ్వింది, నేనూ నవ్వాను. డబ్బా మాత్రం అక్కడి నుంచి తీయలేదు. కోవిల్‌పట్టిలో దిగి వేరుశనగ పాకం చిక్కీలు రెండు పొట్లాలు కొని, ఊరి బయట నల్లరేగడి చేల మధ్య ఉన్న వాళ్ళ పల్లెకి ఆటో మాట్లాడుకున్నాను. నూట యాభై తీసుకున్నాడు. చేరేసరికి మూడున్నర.

రాజేశ్వరి వాళ్ళమ్మ రామలక్ష్మమ్మ గడప దాకా ఎదురొచ్చింది. "వస్తివా తల్లీ! ఎండలో వాడిపోతివే. కాళ్ళు కడుక్కో, బువ్వ తిందువు" అంటుంటే, నేను చెన్నైలో చెవులు రిక్కించి విన్న తెలుగు నా కోసమే మాట్లాడుతున్నట్టు అనిపించి మనసు నిండిపోయింది. లోపల పక్కగదిలో చాప మీద కావ్య సిగ్గుపడుతూ నవ్వింది. పదమూడేళ్ళ పిల్ల. వాళ్ళమ్మ అగ్గిపెట్టెల కంపెనీలో పనికి వెళ్ళింది. పెరట్లో ఆరు కోళ్ళు తిరుగుతున్నాయి. నేను డబ్బా తీసి ఇచ్చాను. రామలక్ష్మమ్మ పెద్దమ్మ మూత తీసి, ఒక గుడ్డు పట్టుకుని వెలుగుకేసి చూసింది.

"ఎవురింటివమ్మా ఇవి? పిల్లకు పచ్చిగా ఇస్తాము కదా, దానికే అడగతా ఉండా."

బజారులో కొన్నానని చెప్పడానికి నోరు రాలేదు. "తెలిసినవాళ్ళ ఇంట్లోవే పెద్దమ్మా, ఈ పొద్దుటివే" అన్నాను. ఆమె మారుమాట అడగలేదు. పన్నెండు గుడ్లు పిల్లకని తీసి తన గుడ్ల కుండలోనే కలిపింది. మిగతావి ఆ సాయంత్రం పులుసులో ఉడికించి మా అందరికీ పెట్టింది. ఎంత రుచిగా ఉందో!

మర్నాడు పొద్దున్నే బయలుదేరి పాంచాలంకురిచ్చి కోట, తూత్తుకుడి సముద్రం చూసుకుంటూ గురువారం దాకా తిరిగాను. శుక్రవారం పొద్దున వేడుకకని పట్టుచీర కట్టుకుని కోవిల్‌పట్టిలో దిగేసరికి రాజేశ్వరి ఫోన్. "ఇంటికి పోవద్దక్కా, ఆస్పత్రికి రా." బుధవారం రాత్రి కావ్యకి కడుపునొప్పి, విరేచనాలు, ఒళ్ళు కాలిపోయే జ్వరం. గురువారానికి కళ్ళు లోతుకు పోయాయట. మంచం మీద సెలైన్ ఎక్కుతూ పడుకున్న పిల్లని చూసి నా చీర అంచు నాకే ముల్లులా గుచ్చుకుంది.

పరీక్షలో సాల్మొనెల్లా అనే సూక్ష్మజీవి బయటపడిందని డాక్టరమ్మ చెప్పింది. కోళ్ళ రెట్టల్లో, ఒక్కోసారి గుడ్డు లోపల కూడా ఉంటుందట, బాగా ఉడికిస్తే చస్తుందట. "కడిగి, తడిగా వేడిలో ఉంచితే?" అన్నాను నెమ్మదిగా. "పైనున్నది పెంకు రంధ్రాల్లోంచి లోపలికి పోతుంది, పెరుగుతుంది" అంది. ఏ గుడ్డుదో ఇప్పుడు ఎవరూ తేల్చలేరనీ, ఇంటి కోడిదైనా పచ్చిగా ఇవ్వకూడదనీ కూడా అంది. అవే గుడ్లు ఉడికించి తిన్న మాకెవరికీ ఏమీ కాలేదు.

పిల్ల బట్టలు తేవడానికి పెద్దమ్మతో కలిసి పల్లెకి వెళ్ళాను. పెరడు బోసిగా ఉంది. కోళ్ళ గంప బోర్లించి ఉంది.

"కోళ్ళేవి పెద్దమ్మా?"

"అమ్మేస్తిని. నా చేతులారా పెంచినవే పిల్లను పాడు చేసె. అవ్వే విషం పెట్టిందని ఊరంతా అంటా ఉండారు. ఇంక ఈ ఇంట్లో కోడి వద్దు."

నా డబ్బా మీద ఆమెకు అనుమానమే రాలేదు. తెలిసినవాళ్ళ ఇంటివని చెప్పాను కదా. అక్కడే గంప పక్కన కూలబడి జరిగిందంతా చెప్పేశాను. బుట్ట, కుళాయి, ఇంజను మూత, నా అబద్ధం, అన్నీ. ఆమె తిడుతుందనుకున్నాను, తిడితే బాగుండేది. గంప మీద చెయ్యి వేసి నా వైపు తిరిగింది.

"ఆ పొద్దే చెప్పింటే అన్నీ ఉడకేసి పెడ్తును కదమ్మా. పారేస్తానా?"

కావ్య వారానికి లేచి తిరిగింది. పెద్దమ్మ మీద పడ్డ మాట పోవాలని నేనే ఆ ఊళ్ళో నలుగురి ముందు నిలబడి నిజం చెప్పాను. చిన్నతనమేమీ కాలేదు. అంత తేలికైన పనిని సోమవారం మూడున్నరకి ఎందుకు చేయలేకపోయానా అని ఇప్పటికీ కుమిలిపోతున్నాను. ఆ దారిన వెళ్ళేవాళ్ళకి నేను చెప్పగలిగిన సలహా ఒక్కటే. ఎవరింటికైనా తినేవి పట్టుకెళ్తే, ఎక్కడివని అడిగినప్పుడు ఎక్కడ కొన్నారో అదే చెప్పండి.