సోంపు వాసన వేసిన కుడితి

మొన్న అరసవల్లిలో దర్శనం చేసుకుని, గుడి వీధి చివర ఒక హోటల్లో భోంచేశాను. పప్పు మీద నాకు చిన్న అనుమానం, సాంబారు మీద పెద్ద అనుమానం కలిగాయి. చెయ్యి కడుక్కుని వస్తుంటే కౌంటర్ మీద స్టీలు గిన్నెలో సోంపు కనిపించింది. చెంచాడు నోట్లో వేసుకుని నములుతూ ఆటో ఎక్కాను. ఆటో మలుపు తిరిగేసరికి ఆ సాంబారు పులిసిందో లేదో నాకే గుర్తు లేదు. హోటల్ వాళ్లు సోంపు ఊరికే పెట్టరు సుమా అనుకున్నాను. అలా అనుకోగానే కోటబొమ్మాళి దగ్గర మా మేనత్త పశువుల శాల, అందులో నల్లగా నిగనిగలాడుతూ లోకంలో దేన్నీ నమ్మకుండా నిలబడే ఆవిడ గేదె గుర్తుకొచ్చాయి.

ఆ నమ్మకపోవడం గేదెకి మా అత్త దగ్గరే అబ్బిందని ఇంట్లో అందరూ అనేవారు. మా వైపు 'మందు పెట్టడం' అని ఒక భయం ఉంది. గిట్టనివాళ్లు తిండిలో ఏదో కలిపి మనిషిని తమ వైపు తిప్పేసుకుంటారని. మా అత్తకి ఆ భయం అందరికన్నా ఒక గుప్పెడు ఎక్కువ. ఎవరింట్లో టీ ఇచ్చినా, ఇచ్చినవాళ్లు ఒక గుక్క తాగాకే తను గ్లాసు పట్టుకునేది. పెళ్లివారింట్లో వియ్యపురాలి చేత లడ్డూ కొరికించిన ఘనత ఆవిడది. ఇంత జాగ్రత్త మనిషికి వాసన మాత్రం తెలిసేది కాదు. ఏళ్ల తరబడి పీల్చిన ముక్కుపొడి ఆవిడ ముక్కుని పొడి చేసేసింది. ఆ లోటు గేదె తీర్చింది. ముక్కిన తవుడుని అది ముక్కుతోనే పట్టేసేది. ఒకసారి వాసన చూసి బుస్సుమని తల తిప్పుకుందంటే, ఆ బస్తా కొట్టుకి తిరిగి వెళ్లాల్సిందే. చుట్టుపక్కల వాళ్లు కూడా కొత్త బస్తా కొనేముందు దోసెడు తవుడు తెచ్చి దాని ముందు పెట్టి, అది మూతి పెడితేనే కొనేవారు. నేను విశాఖపట్నంలో పశువుల దాణా పరీక్షించే ప్రయోగశాలలో పనిచేసేవాణ్ణి. మాకు యంత్రాలున్నాయి, మా అత్తకి గేదె ఉంది. జనం ఎవరి మాట నమ్మేవారో వేరే చెప్పక్కర్లేదు.

ఈ ఏర్పాటు వల్ల నష్టపోయినవాడు ఒక్కడే, మా బావ. అంటే మా అత్త కొడుకే. కోటబొమ్మాళిలో దాణా కొట్టు అతనిది. కన్నతల్లి గేదె తన తవుడుని పదిమంది ముందు కాదంటే ఏ వ్యాపారి తల ఎత్తుకోగలడు? ఆ సంవత్సరం వానాకాలంలో గేదె చూడితో ఉంది. బావ కొట్టు నుంచి వచ్చిన తవుడు బస్తాని అది ముందే ఒప్పుకుని, సగం దాకా తింది కూడా. అలాంటిది ఉన్నట్టుండి కుడితి మానేసింది. తవుడు కలిపి పెడితే మూతి కూడా పెట్టదు, గడ్డి మాత్రం కొరుకుతుంది. కడుపులో దూడ ఏమవుతుందోనని మా అత్త తిండి మానేసింది. అప్పుడు మా బావ కొట్టు నుంచి ఒక పొడి డబ్బా తెచ్చాడు. పశువులకి ఆకలి పుట్టించే మూలికల పొడి. చిటికెడు కలిపి పెట్టగానే గేదె తొట్టిని అడుగంటా నాకేసింది. నాలాంటి వాడైతే బావకి దండం పెట్టేవాడు. మా అత్త నాకు ఫోన్ చేసింది.

"ఒరే అల్లుడా, నా గేది పాడైపోయినాదిరా. ఏటెట్టినా తినెస్తన్నాది!"

"తింటే మంచిదే కదా అత్తా?"

"మంచిదేటిరా! అది ఆకలితో తిన్నట్టు నేదు. ఎవులో మందెట్టినట్టు తింతన్నాది. సూడి గేదిరా, దానికేటైనా అయితే నాను బతకను. నువ్వు ఎంటనే రా."

వెళ్లేసరికి శాలలో తల్లీ కొడుకులు ఎడమొహం పెడమొహంగా ఉన్నారు. మధ్యలో గేదె ప్రశాంతంగా నెమరు వేస్తోంది. "సూడు బావా, సొంత కొడుకుని మందెట్టీవోడిలాగ సూస్తన్నాది మా యమ్మ. సోంపు, వాము, మెంతులు. అన్నీ మనుసులు తినీవే," అన్నాడు మా బావ. "మనుసులు తినీవే అయితే మనుసులే ముందు తినండి," అంది మా అత్త, డబ్బా మా ముందుకి తోసి. ప్రయోగశాలలో రుజువు చూడటమే తప్ప రుచి చూడటం నా ఉద్యోగంలో లేదు. అయినా బావ కొంచెం, నేను కొంచెం నాలిక మీద వేసుకున్నాం. ముందు వాము వచ్చి చురుక్కుమనిపించింది, వెనకే సోంపు వచ్చి క్షమాపణ చెప్పింది. ఎవరికైనా కళ్లు తిరుగుతాయేమోనని మా అత్త సాయంత్రం దాకా మా ఇద్దరినీ ఎదురుగా కూర్చోబెట్టుకుంది. మాకు బాగా ఆకలేసింది. దాన్ని కూడా ఆవిడ అనుమానంగానే చూసింది. నేను చెప్పేదాకా పొడి పెట్టకూడదన్న షరతు మీద ఇద్దరినీ వదిలింది.

పొడి కొంత పొట్లం కట్టుకుని వెళ్లి, పై అధికారిని ఒప్పించి పరీక్షకి పెట్టాను. మూలిక అనే మాట వింటే జనానికి అనుమానం మూలకి పోతుంది. మాకు అక్కడే మొదలవుతుంది. ఉమ్మెత్త కూడా మూలికే కదా! డబ్బా మీద చెప్పిన మొక్కలే ఉన్నాయా, పురుగుమందు ఆనవాళ్లు ఉన్నాయా, బూజు విషం ఉందా, ఎంత మోతాదు దాకా పరవాలేదు, వాసన పాలల్లోకి దిగుతుందా. కొన్ని యంత్రం చెప్పింది, కొన్ని పుస్తకాల్లో వెతుక్కున్నాను. పొడి అన్నిటికీ బుద్ధిగా జవాబు చెప్పింది. చూడి గేదెలకి పెట్టవచ్చా అన్న ఒక్క ప్రశ్న దగ్గర మాత్రం నీళ్లు నమిలింది. దాని గురించి గట్టిగా తేల్చినవాళ్లు నాకు కనబడలేదు. అందుకని ఈనేదాకా వద్దని చెబుదామనుకున్నాను. మిగతా విషయంలో బావ నిర్దోషి.

మళ్లీ వెళ్లి ఆ మాటే చెప్పాను. మా అత్త ముక్కుపొడి పట్టు పట్టి, "అయితే దీన్లో మందు నేదంతావు," అంది.

"లేదత్తా."

"మరెందుకలాగ తిన్నాది?"

"వాసన బాగుంది కాబట్టి," అని, ఆ మాట నా చెవిన పడగానే ఆగిపోయాను. వాసన బాగుండి తిన్నదంటే, అంతకుముందు వాసన బాగోకే కదా మానేసింది! ఇన్నాళ్లూ అందరం పొడిని అనుమానించాం. తవుడుని ఎవరూ అడగలేదు. శాల మూలనున్న బస్తాలో మోచేతి దాకా చెయ్యి పెట్టాను. పైన పొడిపొడిగా ఉన్న తవుడు అడుగున ఉండకట్టి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుంటే బూజు వాసన గుప్పుమంది. ఆ తవుడే రెండు గిన్నెల్లో తీసి, ఒకదాంట్లో పొడి కలిపి గేదె ముందు పెట్టాను. ఉత్త తవుడు వాసన చూసి బుస్సుమంది. రెండో గిన్నెలోకి నాలిక చాచింది. మొదటి ముద్ద నోట్లోకి పోకుండానే మా అత్త గిన్నె లాగి పారేసింది. చిటికెడు సోంపుతో ఊరందరి పరీక్షాధికారి చిత్తయిపోయింది. పొడిలో విషం లేదు. విషం ఉన్నచోట 'వద్దు' అనే నోటిని అది మూసేస్తుంది, అంతే. ఆ ప్రశ్న మా పరీక్షల్లో లేదు.

మా అత్త రెండు చేతులతో గేదె మెడ పట్టుకుంది. తర్వాత కొడుకు వైపు చూసి, "తవుడు సంగతి నీకు తెలిసే ఆ పొడి తెచ్చినావేటిరా?" అంది. "వానలకి అందరి తవుడూ అలాగే ఉన్నాదే అమ్మా," అన్నాడు మా బావ, నేల చూస్తూ. అది జవాబో కాదో నాకు ఈరోజుకీ తెలియదు. ఆ సాయంత్రమే ఎక్కడినుంచో మంచి తవుడు తెచ్చాడు. గేదె ఏ పొడీ లేకుండా తింది. ఈనేదాకా పొడి వద్దన్నాను. ఈనిన తర్వాత మా అత్త తనే ఒక పద్ధతి పెట్టింది: ముందు ఉత్త తవుడు పెట్టాలి, గేదె ఒప్పుకుంటేనే అందులో పొడి చల్లాలి.

"ఒప్పుకున్నాక ఇంక పొడెందుకే అమ్మా?" అన్నాడు మా బావ.

"నీ కొట్టు నడవద్దేటిరా?"

గేదె పెయ్యదూడని ఈనింది. తల్లీ కొడుకులు మళ్లీ మాట్లాడుకున్నారు. కానీ ఆ తర్వాత కొడుకు ఇచ్చిన టీ కూడా ఆవిడ అతను ఒక గుక్క తాగాకే పుచ్చుకునేది. అతనూ ఏమీ అనకుండా తాగి ఇచ్చేవాడు. ఇప్పుడు ఆ గేదె లేదు, మా అత్త లేదు. నా ముక్కు కూడా వయసుతో మొద్దుబారి, ఎవరేం పెట్టినా తినేస్తున్నాను. ఆ వానాకాలంలో మేం పడిన భయం, శాలలో ఒకరినొకరు చూసుకున్న చూపులు, ఇప్పుడు తలుచుకుంటే అన్నీ సోంపు వాసనే వేస్తున్నాయి. కాలం కూడా అలాంటి పొడే చల్లుతుంది. అందుకే ఏదైనా జ్ఞాపకం మరీ కమ్మగా తోస్తే, బస్తా అడుగుదాకా ఒకసారి చెయ్యి పెట్టి చూస్తాను.