ఉలిక్కిపడని నిద్ర

తొంభైల చివర్లో కొత్తగూడ దాటాలంటే ఎర్రజెండా పట్టుకున్నవాడి దయ ఉండాలి. కొత్త ఆఫీసుల పునాదుల కోసం బండలు పేల్చేటప్పుడల్లా బస్సులు ఆపేసేవాళ్లు. ఆ రోజూ ఆపారు. ఢామ్మంది. బస్సంతా ఉలిక్కిపడింది. నా పక్కన కూర్చున్న పెద్దావిడ మాత్రం నవ్వింది.

"ఇందులో నవ్వడానికేముందమ్మా?" అన్నాను చిరాగ్గానే.

"మా ఆయన యాదికొచ్చిండు బిడ్డా. బొక్కల క్యాన్సర్, ఎముకలల్ల. మా ఇంటి పక్కన గిట్ల బండ పేలినప్పుడల్ల మంచం అదిరి నొప్పికి అరుస్తుండె. ఏ మందుకు తగ్గకపాయె. ఇంటికొచ్చే డాక్టరమ్మ చెప్పింది, 'ఇది పానం తీసే మందు కాదు, నొప్పి తెల్వకుండ నిద్రపుచ్చే మందు. కాకుంటే ఇగ లేచి మాట్లాడకపోవచ్చు' అని. గా మందు ఇప్పిస్తే పాపం తగుల్తదన్నరు మా మరుదులు. నేను ఆయన్నే అడిగిన. 'పండుకుంట' అన్నడు. ఇయ్యమన్న."

"తర్వాత?"

"తెల్లారి మళ్ల బండ పేలింది. ఇల్లంత అదిరింది. మరుదులు ఎగిరిపడ్డరు. మా ఆయన రెప్ప కదపలే. గురక పెడుతున్నడు!" ఆమె తొడ చరిచింది. "గెలిచినం బిడ్డా. పోయేదాంక గట్లనే పండుకున్నడు."

రెండో బండ పేలింది. బస్సంతా మళ్లీ ఉలిక్కిపడింది. ఆమె, నేనూ తప్ప.